గడ్డి అని తీసిపారేయొద్దు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామైక్య సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాంక మాట్లాడిన అక్కలు బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి, పాల యూనిట్ల గురించి మంచిగ చెప్పిండ్రు. మాకు ఇచ్చిన విషయం చిన్నది. ఇంటి ముందర, పెరట్ల అందం కోసం గడ్డి దుబ్బులు పెంచుడు. గడ్డి మీద ప్రసంగం ఏందని వెనుక వరుసలల్ల నవ్వుతున్నరు. నవ్వండి, తప్పు లేదు. మా ఇండ్లల్ల మొగోళ్లు సుత మొదలు గట్లనే నవ్విండ్రు.

కానీ మేము చెప్పదలచుకున్నది నవ్వులాట ముచ్చట కాదు. నీళ్లు తక్కువ ఉన్న కాడ, కోతులు ఎక్కువ ఉన్న కాడ, చేతిల పైసలు లేకున్నా వాకిలి పచ్చగ ఉండాలంటే గడ్డి దుబ్బుల కంటే సులువైన దారి మాకు కనబడలేదు. అవి దుకాణంల కొనవలసినవి సుత కావు. ఒక ఇంట్ల పెరిగిన దుబ్బును చీల్చి ఇంకో ఇంటికి ఇయ్యాలె. ఈ రెండు మాటలు మీకు సమజయితే మా ప్రసంగం అయిపోయినట్టే. మిగిలింది ఎట్ల నాటాలె, ఎట్ల చూసుకోవాలె అనే పని ముచ్చట.

గడ్డి ఏది, గడ్డి కానిది ఏది

ముందుగాల గడ్డిని చిన్నచూపు చూసుడు మానుదాం. మనం తినే వరి గడ్డి జాతే. జొన్న, మక్క, సజ్జ, రాగి, కొర్ర అన్నీ గడ్డి గింజలే. చెరకు గడ్డే. వెదురు సుత గడ్డి జాతే. అందుకే 2017ల కేంద్ర ప్రభుత్వం అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల లెక్కల నుంచి తీసేసింది. పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకొని పొలం నుంచి నడవని ఆడది మనలో ఎవరున్నరు? గడ్డి మనకు తెల్వని మొక్క కాదు. అందానికి పెంచుడు ఒక్కటే మనకు కొత్త.

బయటి దేశాలల్ల అది కొత్త కాదు. మన సజ్జ నుంచే తయారు చేసిన ఊదా రంగు ఆకుల రకం ఒకటి ఉన్నది. దాని పేరు పర్పుల్ మెజెస్టీ. 2003ల అమెరికాల తోట మొక్కల పోటీల దానికి బంగారు పతకం ఇచ్చిండ్రు. మనం చెల్కల గింజ కోసం వేసిన సజ్జను అక్కడ కంకి అందం చూసి ఇంటి ముందర పెట్టుకుంటున్నరు.

ఇంకో ముచ్చట. పట్నం నర్సరీలల్ల బెర్ముడా లాన్ అని చదరపు అడుగు లెక్కన అమ్మేది ఏందో తెలుసా? మన గరికనే. వినాయక చవితికి మనం తెంపి పెట్టే గరిక, పొలం ఒడ్డు మీద కాళ్ల కింద తొక్కే గరిక. పేరు మారంగనే ధర వచ్చింది.

ఎంచుకునే గడ్డి

మా కాలనీల మేము పెట్టుకున్నవి, పెట్టుకోదగ్గవి అయిదు రకాలు చెప్తం.

ఒకటి, నిమ్మగడ్డి. నడుము ఎత్తు దుబ్బు అయి, ఆకులు చుట్టూ వంగి ఫౌంటెన్ తీరు పడతయి. రెండు మూడు ఆకులు తెంపి చాయల వేస్తే వాసన ఇల్లంత వస్తది.

రెండు, వట్టివేరు. ఆకు నిటారుగ, సన్నగ, మనిషి ఎత్తు దాంక పెరుగుతది. పైన చూసేదానికంటే కింద ఎక్కువ. వేర్లు పక్కలకు పాకకుండ నిట్టనిలువుగ రెండు మూడు మీటర్ల లోతుకు దిగుతయి. అందుకే ఒకసారి నాటుకున్న దుబ్బు ఎండాకాలం తట్టుకుంటది.

మూడు, రెల్లు. మూలవాగు ఒడ్డున, చెరువు శిఖం కాడ బతుకమ్మ పండుగ దినాలల్ల తెల్లగ కుంచెల లెక్క పూసేది. చూడ ముచ్చటగ ఉంటది గని, ఇది వేరుతోటి పాకుతది. దీని గురించి తర్వాత చెప్తం.

నాలుగు, ఊదా రంగు ఫౌంటెన్ గడ్డి. గోదావరి జిల్లా కడియం నర్సరీల తీరు పెద్ద నర్సరీలల్ల దొరుకుతది. కంకి కుక్కతోక లెక్క మెత్తగ వంగుతది. ఇది సజ్జకు దగ్గరి చుట్టం.

అయిదు, గొడుగు తుంగ. ఇది నిజానికి గడ్డి కాదు, తుంగ జాతి. కాడ చివర గొడుగు విప్పినట్టు ఆకులు ఉంటయి. గిన్నెలు తోముకునే కాడ, నల్లా కాడ తడి ఎప్పుడూ ఉండే జాగాల ఇది బతుకుతది. పెంచుడు సుత అలకన. ఒక గొడుగు కాడను కోసి, తలకిందులుగ నీళ్ల గ్లాసుల పెడితే నడిమిల నుంచి వేర్లు, మొలకలు వస్తయి. పిల్లలతోటి పెట్టియ్యండి, వాళ్లకు మంచి ఆట.

నిమ్మగడ్డి, వట్టివేరు చిన్నగ ఉన్నప్పుడు ఒక్క తీరుగనే కనబడతయి. ఆకు నలిపి వాసన చూడాలె. నిమ్మ వాసన వస్తే నిమ్మగడ్డి. వట్టివేరు ఆకుకు వాసన ఉండది, వేరుకు ఉంటది. పిలకలు తెచ్చుకునేటప్పుడు ఈ పరీక్ష చెయ్యకుంటే ఒకటి అనుకొని ఇంకోటి నాటుకుంటరు.

లాన్ ఎందుకు వద్దంటున్నం

కొందరు అక్కలు టీవీల చూసి, ఇంటి ముందర తివాచీ పరిచినట్టు లాన్ వేద్దాం అంటున్నరు. లాన్ బాగనే ఉంటది. కానీ ఎండాకాలం దానికి దాదాపు రోజూ నీళ్లు కావాలె. నెలకు రెండు మూడు సార్లు కత్తిరించాలె. నడిమిట్ల మొలిచిన తుంగను వంగి వంగి పీకాలె. ఆ పీకుడు ఎవరికి పడతదో మనకు తెలుసు. బిందెలు మోసేది మనమే, నడుము వంచేది మనమే. దుబ్బు గడ్డి అట్ల కాదు. కుదురుకున్నంక వారానికి ఒకసారి నీళ్లు, ఏడాదికి ఒకసారి కోత. మిగతా దినాలు దాని తోవ అది చూసుకుంటది.

ఇంకో దిక్కు, వాకిలంత సిమెంటు చేయించుడు ఎక్కువ అయింది. ఊడ్చుడు అలకన అయితది, బండ్లు పెట్టుకోవచ్చు అని మొగోళ్లు అంటరు. నిజమే. కానీ పగలంత ఎండకు కాలిన సిమెంటు రాత్రి దాంక సెగ కొడతది. వాన నీళ్లు ఇంకకుండ బజార్ల పడతయి. మేము మా ఇండ్లల్ల చేసిన ఒప్పందం చెప్తం. బండి పెట్టే జాగా, నడిచే జాగా సిమెంటు చేసుకోండి. గోడ పొంటి రెండు అడుగుల పట్టీ మాత్రం మట్టిగనే వదలండి. ఆ రెండు అడుగులు చాలు.

మా కాలనీ సంగతి

మాది ముంపు ఊరు. 25 టీఎంసీలకు పైగ నీళ్లు పట్టే మిడ్ మానేరు, ఇప్పుడు శ్రీరాజరాజేశ్వర జలాశయం అంటున్నం, దాని కింద మన వేములవాడ దిక్కున అనుపురం, రుద్రవరం, కొడుముంజ లాంటి ఊర్లు పోయినయి. పాత ఊర్ల చింతచెట్టు నీడ ఉండె, వాగు ఒడ్డు ఉండె, గొడ్లకు గడ్డి ఉండె. కాలనీకి వచ్చినప్పుడు మా ముందర ఉన్నది ఎర్ర మొరం, గీతలు గీసినట్టు ప్లాట్లు, ఎండ.

మొదటి ఏడాది అందరం పూల మొక్కలు, వంకాయ, టమాట పెట్టినం. కోతులు వచ్చినయి. వేములవాడ చుట్టుపక్కల కోతుల సంగతి మీకు మేము చెప్పాలెనా? కాయ ఉంచలె, మొగ్గ ఉంచలె, లేత చిగురు ఉంచలె. బీరపాదును పందిరితోటి సహా గుంజినయి. చానా మంది అక్కలు ఇగ మొక్కలే వద్దు అని కూర్చున్నరు.

ఆ టైముల మా సంఘంల ఒక అవ్వ వాకిట్ల ఒక్కటే దుబ్బు పచ్చగ నిలబడ్డది. అది నిమ్మగడ్డి. పాత ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరం బీరువాలు, మంచాలు, దర్వాజలు ట్రాక్టర్ల వేసుకుంటుంటే, ఆ అవ్వ ఇనుప బొక్కెనల నిమ్మగడ్డి దుబ్బు పెట్టుకొని ఒడిల పట్టుకొని వచ్చింది. కోతులు ఒకటి రెండు సార్లు పీకి చూసినయి. తినలె, పారేసి పోయినయి. అవ్వ మళ్లీ గుంతల పెట్టి నీళ్లు పోసింది, అది మళ్లీ బతికింది. నాటి రెండేండ్లు దాటినంక ఆ దుబ్బును చీల్చి సంఘంల పది మందిమి పంచుకున్నం. ఆ పది ఇండ్ల నుంచి పక్క సంఘాలకు పోయింది. ఇయ్యాల మా కాలనీల ఏ వాకిట్ల నిమ్మగడ్డి కనబడ్డా అది ఆ బొక్కెనల వచ్చిన దాని పిలకనే. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు పాత ఊరి గోడలు తేలుతయి. చూసొచ్చినోళ్లు ఒకటి రెండు దినాలు అన్నం సరిగ్గ తినరు. ఆ ఊరి నుంచి మాతోటి ప్రాణంతోటి వచ్చి, ఇంకా పెరుగుతున్న మొక్క మాకు ఇదొక్కటే. అందుకే దీన్ని మేము గడ్డి అని తీసిపారేయం.

వట్టివేరు తర్వాత వచ్చింది. మా కాలనీ మిట్ట మీద ఉన్నది. పెద్ద వాన పడితే మొరం కొట్టుకపోయి మోరీలు నిండేది. కర్ణాటకల గుండ్లుపేట దిక్కు రైతులు తాతల కాలం నుంచి పొలం హద్దుల మీద వట్టివేరు వరుసలు పెట్టి మట్టిని ఆపుకుంటున్నరు. 1980ల కాలంల ప్రపంచ బ్యాంకు వాళ్లు అది చూసి, మట్టి కోతకు మందు ఇదే అని మన దేశంల, వేరే దేశాలల్ల ప్రచారం చేసిండ్రు. మేము సుత వాలు ఉన్న బజారు అంచుకు అడ్డంగ ఒక వరుస పెట్టినం. రెండో వానకాలానికి దుబ్బులు ఒకదానికొకటి ఆనుకున్నయి. మట్టి వరుస వెనుకనే ఆగుతున్నది, నీళ్లు వడకట్టినట్టు నిమ్మలంగ దిగుతున్నయి.

నాటుడు

ఇగ పని చెప్తం. రాసుకునేటోళ్లు రాసుకోండి.

మిరుగు దాటి రెండు మంచి వానలు పడ్డంక నాటాలె. జూన్ చివర, జూలై మంచి టైము. దినానికి అయిదారు గంటలు ఎండ తగిలే జాగా చూడాలె. నీడల గడ్డి పలుచబడి పడిపోతది.

మొరం నేలల అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వాలె. చెరువు మట్టి రెండు తట్టలు, బాగ మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్లు కలిపితే చాలు. ఎరువు ఎక్కువ వేస్తే మంచిదని అనుకోవద్దు. యూరియా అసలే వద్దు. బలం ఎక్కువైతే ఆకు పొడుగ్గ పెరిగి, నిలబడలేక నేల మీద పడుకుంటది.

పిలకలు చీల్చినంక ఆకును జానెడు ఉంచి కోసెయ్యాలె. ఆకు పొడుగుంటే వేర్లు కుదురుకునే లోపల నీళ్లన్నీ ఆకు నుంచే ఆరిపోతయి. పిలకలను తడి గోనె సంచిల చుట్టి, వీలైతే ఆ దినమే నాటాలె. ఒక్క గుంతకు రెండు మూడు పిలకలు. వేరు, కాడ కలిసే కాడ మట్టి మట్టానికి ఉండాలె. లోతుకు పూడ్చిపెడితే వానకాలం కుళ్లుతది.

నిమ్మగడ్డి దుబ్బుకు దుబ్బుకు నడుమ రెండు అడుగులు వదలాలె. వట్టివేరు మట్టిని ఆపేటందుకు అయితే నాలుగు నుంచి ఆరు అంగుళాలకు ఒకటి, దగ్గర దగ్గర నాటాలె. నడుమ సందు ఉంటే నీళ్లు ఆ సందుల నుంచే తోవ చేసుకుంటయి.

చూసుకునుడు

మొదటి నెల వాన లేకుంటే దినం విడిచి దినం నీళ్లు పోయాలె. ఆ తర్వాత వారానికి ఒకసారి, మొదట్ల నిండ పోస్తే చాలు. బియ్యం కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు పోయొచ్చు. బట్టల సోడా నీళ్లు మాత్రం రోజూ ఒకే దుబ్బుకు పోయొద్దు, మట్టి గట్టిపడి ఉప్పు తేలుతది. మొదలు చుట్టూ వరిగడ్డి గని, కోసిన ఆకు గని పరిస్తే తడి ఆరది.

ఏడాదికి ఒకసారి కోత తప్పదు. మనకు గుర్తు పెట్టుకునేటందుకు శివరాత్రి ఉన్నది. శివరాత్రికి చలి శివశివ అని పోతది అంటరు కదా. రాజన్న జాతర అయిపోయి ఇల్లు సర్దుకున్నంక కొడవలి పట్టుకోవాలె. ముందుగాల దుబ్బును నడుము కాడ తాడుతోటి గట్టిగ కట్టాలె. అప్పుడు నేలకు జానెడు ఎత్తున కోస్తే మోపు మోపుగనే చేతికి వస్తది, వాకిలంత చెల్లాచెదరు కాదు. ఆకు అంచులు బ్లేడు తీరు కోస్తయి. మొగోళ్ల పాత ఫుల్ షర్టు వేసుకొని, చేతులకు గుడ్డ చుట్టుకొని కోయాలె. కోసినంక ఒకసారి నిండుగ నీళ్లు పోయాలె.

కోయకుండ వదిలేస్తే ఏమైతది? ఎండు ఆకు దుబ్బుల పేరుకుంటది. ఎండాకాలం ఒక్క బీడీ ముక్క పడితే అంటుకుంటది. అందుకని కోత అందం కోసమే కాదు. కోసిన దాన్ని కాల్చొద్దు. మొక్కల మొదట్ల పరిస్తే అదే ఎరువు అయితది.

రెండు మూడు ఏండ్లకు దుబ్బు నడుమ బోడి అయితది, చుట్టూ మాత్రం పచ్చగ ఉంటది. అప్పుడు రోగం వచ్చిందని భయపడొద్దు. చీల్చాలని అది చెప్తున్నదన్నట్టు. వానకాలం మొదట్ల గడ్డపారతోటి మొత్తం దుబ్బును లేపి, నడిమి ఎండు భాగం పారేసి, చుట్టూ ఉన్న బలమైన పిలకలు మళ్లీ నాటుకోవాలె. ఒక్క దుబ్బుకు ఎన్నో పిలకలు వస్తయి. మీ గుంతకు మూడు పెట్టుకోండి, మిగిలినవి పంచండి. పంచకుంటే అది ముసలిదై అక్కడనే చస్తది.

భయాలు, జాగ్రత్తలు

గడ్డి పెడితే పాములు వస్తయి అనే మాట ప్రతి మీటింగుల వస్తది. పాము గడ్డి తిన వస్తదా? ఎలుక కోసం, కప్ప కోసం వస్తది. దుబ్బును ఇంటి గోడకు, తలుపుకు మూడు అడుగుల దూరం పెట్టండి. మొదట్ల జానెడు ఎత్తు దాంక ఎండు ఆకు ఏరెయ్యండి, నేల కనబడాలె. ఎలుక బొక్కలు పూడ్చండి. చీకట్ల టార్చిలైటు లేకుండ దుబ్బుల చెయ్యి పెట్టొద్దు. కాలనీల పిల్లలకు సుత ఇదే చెప్పినం.

నిమ్మగడ్డి వాకిట్ల ఉంటే దోమలు రావు అని కొందరు అమ్ముతున్నరు. ఆకు నలిపితేనే నూనె వాసన బయటికి వస్తది. ఊరికే నిలబడ్డ దుబ్బు దోమను ఆపది. దోమ పోవాలంటే నీళ్లు నిలువొద్దు. గొడుగు తుంగ కాడ సుత నీళ్లు ఇంకాలె, మడుగు కట్టొద్దు.

పాకే గడ్డితోటి పైలం. రెల్లు, దర్భ, గరిక భూమిల వేరు జరుపుకుంట పోతయి. పొలం పక్కన రెల్లు పెట్టి మగని చేత, పక్క పొలమోని చేత తిట్లు తినొద్దు. పెట్టుకోవాలని మనసుంటే పాత సిమెంటు గోలెంల గని, అడుగు తీసేసిన డ్రమ్మును భూమిల పాతి అందుల గని పెట్టండి. ఫౌంటెన్ గడ్డికి ఇంకో గుణం ఉన్నది. దాని గింజ గాలికి ఎగురుతది. ఆ జాతి హవాయి దీవులల్ల, అమెరికాల ఆరిజోనాల, దక్షిణాఫ్రికాల తోట దాటి బయట పడి, అక్కడి సొంత మొక్కలను తొక్కేసింది. అందుకని కంకి ఎండి గింజ రాలక ముందే కోసెయ్యాలె. వాగు ఒడ్డున, అడవి అంచున దాన్ని నాటొద్దు. వట్టివేరుతోటి ఆ భయం లేదు. మన దిక్కు నాటే రకం గింజతోటి మొలవది, పిలకతోటే పెరుగుతది.

గడ్డిమందు సంగతి ఒక మాట. ఒడ్ల మీద, బజార్ల పొంటి గడ్డిమందు కొట్టుడు అలవాటు అయింది. దానితోటి గునుగు, తంగేడు మొలకలు సుత పోతున్నయి. బతుకమ్మకు గునుగు కొనుక్కునే కాలం వచ్చింది. కోళ్లు తిరిగే కాడ, పిల్లలు ఆడే కాడ, దుబ్బులు పెట్టిన కాడ ఆ మందు కొట్టనియ్యొద్దు. దుబ్బుల నడుమ సందులల్ల గునుగు గింజలు చల్లండి. గునుగు గడ్డి కాదు గని గడ్డి పక్కన మంచిగ నిలబడతది, పండుగకు పువ్వు చేతికి వస్తది.

పైసల లెక్క

ఇగ అందరూ అడిగే ప్రశ్న. దీంట్ల లాభం ఎంత? సంఘంల కూర్చున్నోళ్లం, లెక్క చెప్పకుండ పోము.

నిమ్మగడ్డి నూనెకు గిరాకి ఉన్నది, వట్టివేరు నూనెకు ఇంకా ఉన్నది. దాన్ని పట్టుకొని కొందరు ఊర్లకు వచ్చి, పిలకలు మా కాడనే కొనుండ్రి, నూనె మేమే కొంటం, సంఘం నుంచి అప్పు తీసుకోండి అంటున్నరు. లెక్క చూద్దాం. ఒక గుంట అంటే 1,089 చదరపు అడుగులు. రెండు అడుగులకు ఒకటి చొప్పున 270 దుబ్బులు పడతయి. క్వింటాలు పచ్చి నిమ్మగడ్డి వండితే వచ్చే నూనె సుమారు అర కిలో. వండేటందుకు బాయిలర్ కావాలె, కట్టెలు కావాలె, నీళ్లు కావాలె. వాకిలి దుబ్బులతోటి, గుంట రెండు గుంటలతోటి నూనె వ్యాపారం కాదు. వట్టివేరుకు అయితే వేరు తవ్వేటందుకు ఏడాదిన్నర ఆగాలె. మట్టిని ఆపేటందుకు నాటిన వరుసల వేరు తవ్వితే మట్టి మళ్లీ వదులయితది. ఒకే దుబ్బుతోటి రెండు పనులు కావు.

ఎకరాల లెక్కల చేద్దామనుకునే అక్కలు ఉంటే, హైదరాబాద్ బోడుప్పల్‌ల సీమ్యాప్ అని సువాసన మొక్కల కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఉన్నది. ముందుగాల అక్కడికి పోయి అడగండి, నూనె కొనేటోళ్లతోటి కాగితం మీద మాట తీసుకోండి, ఆ తర్వాతనే అప్పు ముచ్చట. వాకిలి గడ్డికి మాత్రం సంఘం నుంచి ఒక్క రూపాయి అప్పు తీసుకోవద్దని మా గ్రామైక్య సంఘంల తీర్మానం రాసుకున్నం.

మరి ఏం మిగులుతది? చాయకు ఆకు కొనే పని లేదు. గర్భిణులు మాత్రం డాక్టరును అడిగే తాగాలె. అంచుల నుంచి తీసిన వట్టివేరు నాలుగు పోగులు కడిగి మంచినీళ్ల కుండల వేస్తే నీళ్లు కమ్మగ ఉంటయి, ఎండబెట్టి బట్టల బీరువాల పెడితే వాసన పట్టి ఉంటది. చవితికి గరిక ఉంటది. వాకిట్ల మట్టి వాకిట్లనే ఉంటది. పొద్దున లేచి తలుపు తీస్తే మొరం కాకుండ పచ్చదనం కనబడతది. మునిగిన ఊరి నుంచి వచ్చినోళ్లకు ఇది చిన్న ముచ్చట కాదు.

చివరగ మేము అడిగేది

ఈ మహాసభ ముందర మా గ్రామైక్య సంఘం మూడు మాటలు పెడుతున్నది.

మొదటిది, ప్రతి గ్రామైక్య సంఘం ఊరి నర్సరీల గని, ఆఫీసు వెనుక గని ఒక చిన్న పిలకల మడి పెట్టాలె. నిమ్మగడ్డి ఒక వరుస, వట్టివేరు ఒక వరుస చాలు. వచ్చే వానకాలానికి ఊర్ల అడిగినోళ్లకు పిలక అక్కడ దొరకాలె.

రెండోది, పిలక అమ్ముడు వద్దు, పంచుడు కావాలె. తీసుకున్నోళ్లు దుబ్బు పెరిగినంక ఇద్దరికి ఇయ్యాలె. పొదుపు పుస్తకం తీరు ఒక కాగితం మీద ఎవరు ఎవరికి ఇచ్చిండ్రో వీఓఏ అక్క రాసిపెట్టాలె.

మూడోది, కొత్త ఇల్లు కట్టుకున్న సభ్యురాలి ఇంటికి పోయినప్పుడు స్టీలు గిన్నె ఇచ్చుడుతోటి పాటు రెండు పిలకలు ఇయ్యాలె. కాలనీలల్ల ఉన్నోళ్లకు ఇంకా ముందు ఇయ్యాలె.

మేము వచ్చేటప్పుడు రెండు గోనె సంచులల్ల పిలకలు తెచ్చినం. సంతకాల రిజిస్టర్ పెట్టిన టేబుల్ కాడ, తడి గుడ్డ కింద ఉన్నయి. ఎడమ దిక్కు సంచి నిమ్మగడ్డి, కుడి దిక్కుది వట్టివేరు. మనిషికి రెండు చొప్పున తీసుకోండి. ఆకు నలిపి వాసన చూసి మరీ తీసుకోండి. ఇంటికి పోయినంక పొద్దు గూకకముందే నాటండి. వీలు కాకుంటే రాత్రి తడి గుడ్డలనే ఉంచి తెల్లారి నాటండి.